ఒంటికి కుదిరిన ఒర

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద పోలీసు సార్జెంట్ బాయిడ్ తోలు ఒరలు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. చివర్న కోటు లోపల్నుంచి చిన్న నల్ల పిస్తోలు తీసి, అందులో తూటాలు లేవని డాక్టర్ హైమావతికి చూపించి, వాటి పక్కన పడుకోబెట్టాడు. ఆమె భర్త పద్మనాభం లేచి వెళ్ళి వీధి వైపు కర్టెన్లు మూసి వచ్చాడు. బయట ఇంకా ఎండ ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో ఆ ఏడాది మే నెలలో అంత ఎండ కాయడం అదే మొదలు.

"ముట్టుకోండి డాక్టర్. కరవదు," అన్నాడు సార్జెంట్.

హైమావతి పిస్తోలు వంక చూడలేదు. తోలు ఒర ఒకటి చేతిలోకి తీసుకుని, పేషెంటు చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అది నడుము బెల్టుకి తగిలించుకునేది. ఇంకొకటి భుజాల మీదుగా పట్టీలు వేసుకుని చంక కింద వేలాడదీసుకునేది. మూడోదాన్ని చీలమండకి కట్టుకుంటారట.

"ఇవన్నీ మగవాళ్ళవి," అంది.

"మా దగ్గరున్నవి ఇవే." సార్జెంట్ ఆమె చీర వంక ఒకసారి చూసి, ఇబ్బందిగా చూపు తిప్పుకున్నాడు. "ఆ హ్యాండుబ్యాగులో మాత్రం పెట్టుకోవద్దు. బ్యాగు ఎక్కడో దించుతారు, ఎవరో ఎత్తుకుపోతారు. మందుల పెట్టెలో అసలే వద్దు. ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. ట్రిగ్గరు మొత్తం తోలుతో మూసుకుని ఉండాలి, లేకపోతే చీర అంచో, వేలో తగులుకుని పేలుతుంది. తలకిందులు చేసినా జారకూడదు. మీ చెయ్యి వెళ్ళిన ప్రతిసారీ అది ఒకే చోట దొరకాలి."

"మరి సౌకర్యం?" అన్నాడు పద్మనాభం. ఆయన కౌంటీ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. కట్లూ పట్టీలూ ఒంటిని ఎక్కడ ఒరుస్తాయో రోజూ చూసే మనిషి.

"అదే అన్నిటికంటే ముఖ్యం సార్. నొప్పి పెట్టేదాన్ని రెండు రోజులు కట్టుకుంటారు, మూడో రోజు ఇంట్లో వదిలేసి వెళ్తారు. మిమ్మల్ని చంపాలనుకునేవాళ్ళు ఆ మూడో రోజునే వస్తారు." సార్జెంట్ టోపీ అందుకున్నాడు. "ఒంటి మీద ఉందన్న సంగతే మీరు మర్చిపోవాలి. అప్పుడే సరిగ్గా కుదిరినట్టు."

ఆయన వెళ్ళాక ఇల్లంతా తోలు వాసన మిగిలింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఆస్తమా పిల్లాడి కోసం హౌస్ కాల్‌కి వెళ్ళిన హైమావతి ఆ ఇంటి గుమ్మంలోంచి బయటికి వస్తుంటే, పక్కింటి తలుపు తీసిన బస్సు డ్రైవర్‌ని ఒక కుర్రాడు రెండుసార్లు కాల్చాడు. ఆమె పరుగెత్తి వెళ్ళి ఆ డ్రైవర్ తల ఒళ్ళో పెట్టుకుంది. కాల్చినవాడు గోడ దూకబోతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. ఆ ముఖాన్ని ఆమె ఎరుగును. మార్టిన్ గ్రే. కిందటేడు వాడికి ఆటలమ్మ పోస్తే చూసింది ఆమే. ఆ మాట పోలీసులకి చెప్పింది, వాళ్ళు వాడిని పట్టుకెళ్ళారు. వచ్చే గురువారం కోర్టులో కూడా చెప్పాలి. పోయిన వారం నుంచి సర్జరీకి, అంటే ఆమె రోగుల్ని చూసే క్లినిక్‌కి, ఫోన్లు వస్తున్నాయి. మార్టిన్ ముఠావాళ్ళే అయ్యుంటారు, అవతల్నుంచి ఎవరూ పేరు చెప్పరు. ఆమె కారు నంబరు చదివి పెట్టేస్తారు.

ఏడేళ్ళ కూతురు పద్మినిని సముద్రం అవతల వాట్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితులు ఆనందరావు, శాంతల ఇంటికి పంపించేశారు.

"మనం కూడా వెళ్దాం హైమా," అన్నాడు పద్మనాభం, బల్ల మీది ఒరల్ని చూస్తూ. "ఆనందరావు అక్కడ తాత్కాలిక డాక్టరుగా లోకమ్ పోస్టు ఇప్పిస్తానంటున్నాడు. ఈ పిస్తోలేంది, ఈ గోలేంది మనకి?"

"గురువారం అయ్యాక మాట్లాడుకుందామండీ."

"గురువారం దాకా బతికుండాలిగా!"

 చంక కింద వేలాడే ఒర తీసుకుని పడకగదిలోకి వెళ్ళింది.

మర్నాడు సర్జరీకి అదే వేసుకుని వెళ్ళింది. రవికె మీద తోలు పట్టీలు, వాటి మీద పైట, ఆ మీద గుండీలన్నీ పెట్టుకున్న ఉన్ని కార్డిగన్. గదిలో హీటరు మండుతోంది. మొదటి గంటలోనే మెడ కింద చెమట పోసింది. కుడి చేత్తో బీపీ పట్టీ చుట్టబోతే వీపు మీది పట్టీ బిగుసుకుని భుజాన్ని కోసింది. ఆమె పైకి ఏమీ తెలియనివ్వలేదు. దగ్గు మందు రాసింది, చెవిలో గులిమి కడిగింది.

పదకొండింటికి ఒక తల్లి దగ్గుతున్న పాపని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. హైమావతి స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని వంగింది. వంగగానే చంక కింది బరువు ముందుకి ఊగి, కార్డిగన్ లోపల్నుంచే వెళ్ళి పాప నుదుటికి టక్కున తగిలింది. పాప ఏడవలేదు. చెయ్యి చాచి, తగిలిందేమిటో తెలుసుకోవాలని కార్డిగన్‌ని తడిమింది.

"ఏమిటది డాక్టర్?" అంది తల్లి.

"చెవి చూసే లైటు," అంది హైమావతి. నవ్వుదామంటే పెదవులు కదల్లేదు. తల్లి పాపని కొంచెం వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడం హైమావతి చూసింది.

మధ్యాహ్నం టాయిలెట్‌లోకి వెళ్ళి దాన్ని విప్పేసి, వెంట తెచ్చుకున్న బెల్టు ఒర కట్టి చూసింది. చీరకి బెల్టు ఎక్కడ నిలుస్తుంది? లంగా బొందు మీద బిగిస్తే పిస్తోలు బరువుకి బొందు ఓ పక్కకి జారింది. మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు ఊడి పాదాల కింద పడ్డాయి. ఒక చేత్తో మందుల పెట్టె, ఇంకో చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని కారు దాకా నడిచింది. ఎవరైనా వస్తే పిస్తోలు తీయడానికి మూడో చెయ్యి కావాలి. చీలమండ ఒర సంగతి ఆలోచించను కూడా లేదు. చీర కిందికి వంగి వెతుక్కునేలోపు ఎవరాగుతారు?

సాయంత్రం ఆమె రవికె విప్పుతుంటే పద్మనాభం భుజం మీది ఎర్రటి చార చూశాడు. వేలితో అంచు వెంబడి మెల్లగా రాశాడు.

"చర్మం లేచిపోయింది."

"ప్యాంటూ చొక్కా వేసుకెళ్తే సరిపోతుంది," అంది ఆమె.

"పదేళ్ళబట్టీ చీరలో చూస్తున్నారు ఈ ఊళ్ళో. రేపు ప్యాంటు వేసుకెళ్ళావంటే ఊరంతా నీ నడుమే చూస్తుంది." ఆయన విప్పిన ఒరని పక్కకి తోశాడు. "రేపు నాతో ఆసుపత్రికి రా. ఆగ్నెస్‌కి చూపిద్దాం."

మిస్ ఆగ్నెస్ ఆసుపత్రి నేల అంతస్తులో అప్లయన్స్ రూము నడుపుతుంది. విరిగిన వెన్నులకి నడుము పట్టీలు, పోలియో కాళ్ళకి కాలిపర్లు, వాలిపోయిన మెడలకి కాలర్లు అక్కడే తయారవుతాయి. గది నిండా గట్టి గుడ్డ తానులు, ఉక్కు పుల్లలు, ఒక మూల పెద్ద కుట్టు మిషను. పద్మనాభం తలుపు గడియ వేసి, సంచిలోంచి పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆగ్నెస్ సూది నోట్లోంచి తీసింది.

"మా అన్నయ్యకి కూడా ఇచ్చారు ఒకటి," అంది. "పాపం, టీ తాగేటప్పుడు కూడా తీయడు." అంతకంటే ఏమీ అడగలేదు. టేపు తీసుకుని హైమావతి నడుము చుట్టూ వేసింది. "ఈ బట్ట ఏ పక్కన మూసి ఉంటుంది?"

హైమావతి పైట చూపించింది. ఎడమ భుజం మీదుగా వెనక్కి వెళ్తుంది కాబట్టి ఎడమ నడుమంతా దాని కిందే ఉంటుంది. కుడి పక్క మాత్రం బయటికే.

"అయితే ఎడమ పక్కే. కుడి చెయ్యి అడ్డంగా వచ్చి తీయాలి. కూర్చోండి. ఇప్పుడు వంగండి. కారు నడుపుతున్నట్టు చేతులు చాచండి." వంగినప్పుడు పక్కటెముక ఎక్కడికి దిగుతుందో, తుంటి ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంది. ఆ రెండింటి మధ్య ఖాళీ చోటు అరచేయంత ఉంది. "దీనికి ఇదే ఇల్లు," అంది.

శనివారానికి తయారైంది. జానెడు వెడల్పున్న తెల్లని గుడ్డ పట్టీ, రవికె కింది అంచు నుంచి లంగా బొందు దాకా. బరువు ఒక్క చోట లాగకుండా వెనక ఉక్కు పుల్లలు కుట్టింది. ఎడమ పక్క పల్చటి గట్టి తోలుతో జేబు. పిస్తోలుని తడి తోలు మీద అదిమి, ఆ ఆకారం రాగానే ఆరబెట్టిందట. ట్రిగ్గరు పూర్తిగా కప్పుకుపోయింది. పిడి కొద్దిగా ముందుకి వాలి ఉంది. చర్మం వైపు మెత్తని ఫ్లానెల్ అస్తరు.

హైమావతి చీర కట్టుకుని అద్దం ముందు నిలబడింది. పైట సర్దింది. ఏమీ కనిపించలేదు. వంగింది, లేచింది, కుర్చీలో కూర్చుంది. పొట్ట మీద వెచ్చగా ఒక చెయ్యి ఆనినట్టుంది, అంతే.

"ఎట్లా ఉంది?" అన్నాడు పద్మనాభం.

"బాగుందండీ," అంది, తనకే ఆశ్చర్యం వేసి.

ఆ శనివారం, ఆదివారం ఆమె సాధన చేసింది. తూటాలు తీసేసి, పడకగదిలో గోడకి ఎదురుగా నిలబడి, పైట కిందికి కుడి చెయ్యి పోనివ్వడం, పిడి పట్టుకోవడం, పైకి లాగడం. మొదట్లో పైట మడతల్లో వేళ్ళు చిక్కుకున్నాయి. తర్వాత దారి తెలిసింది. పప్పు పోపు పెడుతూ ఓసారి, బట్టలు ఇస్త్రీ చేస్తూ ఓసారి, చెయ్యి దానంతటదే వెళ్ళి వచ్చింది. ఆదివారం వాట్‌ఫర్డ్ నుంచి పద్మిని ఫోను చేసింది.

"అమ్మా, వెన్ ఆర్ యూ కమింగ్?"

"గురువారం తర్వాత వస్తాం బంగారం. శాంత ఆంటీని విసిగించమాకు."

"ఆంటీ మేడ్ పూరీ. ఆర్ యూ ఆల్‌రైట్, అమ్మా?"

"నాకేంటి? బాగున్నా," అంటూ హైమావతి చూసుకుంటే, కుడి చెయ్యి పైట కిందే ఉంది.

సోమవారం మధ్యాహ్నం రిసెప్షనిస్టు తలుపు తోసుకుని వచ్చింది. హౌస్ కాల్. మిసెస్ గ్రే. ఊపిరి ఆడటం లేదట. పక్కింటివాళ్ళు ఫోను చేశారు.

మార్టిన్ తల్లి. ఆవిడ గుండె జబ్బు హైమావతికి తెలుసు. కొడుకుని పట్టుకెళ్ళినప్పటినుంచీ ఆవిడ సర్జరీకి రాలేదు. మందులు కూడా తీసుకెళ్ళలేదు.

హైమావతి ఆసుపత్రికి ఫోను చేసి పద్మనాభానికి చెప్పింది. 

"వెళ్ళమాకు. అంబులెన్సుని పంపించు."

"పిలిచానండీ. అది అవతలి ఊరు నుంచి రావాలి. ఈలోపు పోతుంది ఆవిడ."

"అది నిన్ను రప్పించడానికి చేసిన ఫోనైతే?"

"అయితే నా దగ్గర ఉందిగా," అంది.

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే వరసలో, ఒకే గోడతో అతుక్కుని ఉంటాయి. మిసెస్ గ్రే ఇంటి ముందు తోలు కోటు వేసుకున్న పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె కారు దిగేదాకా కదల్లేదు. దిగాక, ఆమె ముఖంలోకి చూస్తూ గేటు తీశాడు.

"నువ్వా వచ్చింది?" అన్నాడు.

"ఆవిడ ఎక్కడ?"

"మేడ మీద. నేను ఆమె అక్క కొడుకుని. డెరెక్."

మెట్లు ఎక్కుతుంటే వాడు వెనకే వచ్చాడు. చెక్క మెట్ల మీద వాడి బూట్ల చప్పుడు ఆమె వీపుకి తగులుతోంది. పైనుంచి ఆ ఊపిరి చప్పుడు వినిపించగానే హైమావతి ఆ బూట్లని మర్చిపోయింది. నీళ్ళలో గొట్టం పెట్టి ఊదినట్టు గరగరమంటోంది. పట్టీ సంగతీ, అందులో ఉన్నదాని సంగతీ కూడా ఆమె మనసులో లేవు. రెండేసి మెట్లు ఎక్కింది.

మిసెస్ గ్రే దిళ్ళ మీంచి జారిపోయి వెల్లకిలా ఉంది. పెదవులు నీలంగా, నుదురంతా చెమట. ఊపిరితిత్తులు నీళ్ళతో నిండిపోయాయి. హైమావతి మోకాలు మంచం మీద ఆనించి, కుడి చెయ్యి ఆవిడ వీపు కిందికి పోనిచ్చి ఎత్తి కూర్చోబెట్టింది. తల ఆమె భుజం మీద వాలింది.

"కాళ్ళు కిందికి వేలాడాలి. నువ్వు కొంచెం ఇటు రా," అంది డెరెక్‌తో.

వాడు రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "పోలీసుల సాక్షి చేతి మందు మా పిన్నికి పడుతుందా?" అన్నాడు. అంటూనే కుడి చెయ్యి కోటు లోపలికి చటుక్కున పోనిచ్చాడు.

ఆ తర్వాత జరిగింది ఆమె అనుకుని చేసింది కాదు. మిసెస్ గ్రే వీపు కింద ఉన్న చెయ్యి వీపుని వదిలేసింది. పైట కిందికి వెళ్ళింది. పిడి అందింది. ఆధారం పోయిన ముసలామె వెనక్కి పడిపోతూ గాల్లో చేతులాడించి, దొరికినదాన్ని పట్టుకుంది. దొరికింది హైమావతి నడుము. ఆవిడ వేళ్ళు పైట మీంచి హైమావతి వేళ్ళని పట్టుకున్నాయి. ఆ వేళ్ళ కింద ఉన్న గట్టిదాన్నీ పట్టుకున్నాయి.

డెరెక్ కోటు లోపల్నుంచి రుమాలు తీశాడు. "నోట్లోంచి నురగ వస్తోంది, తుడువు," అన్నాడు, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి.

ముసలామె కళ్ళు హైమావతి కళ్ళలోకి చూశాయి. ఊపిరి అందక పెద్దవైన కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. ఇప్పుడు ఒక్క కేక వేస్తే చాలు. కేక వేయకపోయినా, చెయ్యి తీసేస్తే చాలు. పైట సగం జారిపోయి ఉంది, పిస్తోలు డెరెక్ కంట్లో పడుతుంది.

మిసెస్ గ్రే చెయ్యి తీయలేదు. ఉన్న బలమంతా పెట్టి ఆ చేతిని కిందికి, ఒరలోకే అదిమింది. రెండో చేత్తో దుప్పటి లాగి ఇద్దరి చేతుల మీదా కప్పింది.

"డెరెక్," అంది, ఒక్కో అక్షరానికీ ఒక్కో ఊపిరి పీల్చుకుంటూ. "నీళ్ళు. కిందికి వెళ్ళు."

వాడు రుమాలు మంచం మీదికి విసిరి, కిందికి వెళ్ళాడు.

హైమావతి మళ్ళీ ఆవిడని ఎత్తి కూర్చోబెట్టింది. ఈసారి రెండు చేతులతో. దిళ్ళు కుప్ప పోసి వెనక పెట్టింది, కాళ్ళు కిందికి దించింది. మోచేతి దగ్గర నరం వెతికి మార్ఫియా కొంచెం, ఒంట్లో నీరు లాగేసే లాసిక్స్ పూర్తిగా, నెమ్మదిగా ఎక్కించింది.  నాడి చూస్తూ కూర్చుంది. మెల్లమెల్లగా గరగర తగ్గింది. పెదవుల మీదికి రంగు తిరిగి వచ్చింది. అంబులెన్సు వస్తే మిసెస్ గ్రే ఎక్కనంది. ఆసుపత్రికి వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి రాలేనని ఆవిడ నమ్మకం. దగ్గరుండి చూసుకుంటానని హైమావతి వాళ్ళని పంపించేసింది.

డెరెక్ కింద రేడియో పెట్టుకున్నాడు.

"మార్టిన్ అక్కడే కూర్చునేవాడు," అంది మిసెస్ గ్రే, కిటికీ దగ్గరి కుర్చీ చూపించి. "సాయంత్రం నా పక్కన కూర్చుని టీ తాగేవాడు. స్వెట్టరు కింద అది పెట్టుకునే కూర్చునేవాడట. పోలీసులు చెప్పారు. ఆ స్వెట్టరు ఉతికింది నేనే. వాడిని దగ్గరికి తీసుకుని ముద్దు కూడా పెట్టుకున్నాను. నాకు తెలియనే లేదు. అంత బాగా కుదిరింది వాడికి."

హైమావతి తల వంచుకుంది.

"నీ దగ్గర కూడా ఉందని ఇందాక నువ్వు నన్ను ఎత్తినప్పుడు తెలియలేదు," అంది ముసలామె. "నన్ను వదిలేశాక తెలిసింది."

హైమావతి మందుల పెట్టె మూసింది. "రేపు వస్తాను. ఊపిరితిత్తులు మళ్ళీ వినాలి," అంది.

"దాంతో రాకు."

ఇంటికి వచ్చి హైమావతి పట్టీ విప్పింది. చర్మం మీద ఒక్క చార కూడా లేదు. జరిగిందంతా పద్మనాభానికి చెప్పింది. "వాడు తీసింది రుమాలు కాకపోతే?" అన్నాడు.

"కాకపోతే నేను కాల్చేదాన్నండీ. అప్పటికి ఆవిడ మెడ వెనక్కి వాలిపోయి ఉండేది. నేను చూసుకునేదాన్ని కూడా కాదు."

"అది వద్దంటే వాట్‌ఫర్డ్ వెళ్ళిపోదాం. రేపే."

"గురువారం సాక్ష్యం చెప్తాను. అందులో మార్పు లేదు. కానీ పేషెంటు మంచం దగ్గరికి దాంతో వెళ్ళను."

"రెండూ ఎట్లా కుదురుతాయి హైమా? సాక్ష్యం చెప్తానంటావు, చేతిలో ఏమీ వద్దంటావు. నాకు భయంగా ఉంది. నీకు లేదా?"

"ఉంది," అంది ఆమె. ఆయన చెయ్యి తీసుకుని తన నడుము మీద పెట్టుకుంది. పొట్ట కండరాలు తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. ఆయన చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు.

మంగళవారం పొద్దున పోలీసు స్టేషన్‌లో సార్జెంట్ బాయిడ్ ముందు ఆమె పిస్తోలు, తూటాలు, తెల్ల పట్టీ పెట్టింది. సార్జెంట్ పట్టీ అటూ ఇటూ తిప్పి, తోలు జేబు లోపలికి వేలు పెట్టి చూశాడు.

"ఇంత చక్కటిది నేనెక్కడా చూడలేదు. ఎక్కడ ఒరుస్తోంది?"

"ఒరవడం లేదు."

"మరి?"

"నా పనికి అడ్డొస్తోంది," అంది. ఇంటి ముందు గస్తీ కారు తిప్పుతానని, రోజూ కారు కింద బాంబు ఉందేమో చూసుకోమని సార్జెంట్ చెప్పాడు. ఇంక ఆపలేదు. ఆమె బయటికి వచ్చి, కారు చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద వంగి కింద చూసుకుని, ఎక్కింది.

డెరెక్ గేటు దగ్గరే ఉన్నాడు. ఈసారి కూడా వెనకే మెట్లెక్కాడు. వాడి బూట్ల చప్పుడు ప్రతి మెట్టు మీదా ఆమెకి వినిపించింది. నడుము దగ్గర చల్లగా, వెలితిగా ఉంది. 

మిసెస్ గ్రే దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. హైమావతి మంచం మీద కూర్చోగానే, ఏమీ అనకుండా, చెయ్యి చాచి ఆమె ఎడమ నడుము తడిమింది. తర్వాత వీపు తిప్పి, నైట్‌గౌను పైకెత్తి, ముందుకి వంగింది. హైమావతి స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో వెచ్చబెట్టి ఆ వీపు మీద ఆనించింది. ఊపిరితిత్తుల అడుగున ఇంకా కొంచెం తడి ఉంది. పైన గాలి బాగానే ఆడుతోంది.

"బాగుంది. మాత్రలు మాత్రం మానొద్దు."

ముసలామె గౌను సర్దుకుంది. గుమ్మంలో ఉన్న డెరెక్‌ని చూసి, వాడు వింటున్నాడని తెలిసే, గొంతు తగ్గించకుండా అడిగింది.

"గురువారం నువ్వు కోర్టుకి వెళ్తున్నావు కదా?"

"వెళ్తున్నాను మిసెస్ గ్రే," అంది హైమావతి. "చూసింది చెప్తాను."

గుమ్మంలో బూటు కదిలిన చప్పుడైంది. మిసెస్ గ్రే అటు చూడలేదు.

"నేను లేవలేను. వాడిని చూసి మూడు నెలలైంది. జైల్లో అన్నం తినడం లేదని ఎవరో అన్నారు, నిజమో కాదో. వాడు నీకు ఎదురుగానే నిలబడతాడు. నువ్వు డాక్టరువి, చూస్తే తెలుస్తుంది. బాగా చిక్కిపోయాడేమో చూసి వచ్చి నాకు చెప్తావా?"

హైమావతి స్టెతస్కోపు మడత పెట్టి పెట్టెలో ఉంచింది. 

"చెప్తాను," అంది.